నెల జీతం లేకుండా ఇంటి లోను: బ్యాంకు సగటు చూస్తుంది, మనం చెడ్డ నెల చూసుకోవాలి

నేను సబ్‌టైటిళ్లు రాస్తాను. వీడియో నిడివిని బట్టి నిమిషానికి ఇంత అని ఇస్తారు. అనువాదం వస్తే పదానికి ఇంత. పని ఉన్న నెలలో రాత్రీ పగలూ కూర్చుంటాను, లేని నెలలో పాత బిల్లుల కోసం మెయిళ్లు పెడుతుంటాను. పదేళ్లకు పైగా ఇదే నా వృత్తి. అమ్మా నేనూ బతికేది దీని మీదే. ఈ ఆదాయం చూపించే 2024 చివర్లో ఇంటి లోను తీసుకుని ఫ్లాటు కొన్నాను.

అప్పట్నుంచి నాలాగే పనికింత అని తీసుకునేవాళ్లు అడుగుతూనే ఉన్నారు. గ్రాఫిక్స్ చేసేవాళ్లు, డబ్బింగ్ చెప్పేవాళ్లు, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవాళ్లు, పెళ్లిళ్లకు ఫొటోలు తీసేవాళ్లు. అందరిదీ ఒకటే ప్రశ్న: "పే స్లిప్ లేకుండా నీకెలా ఇచ్చారు?" చాలామంది అసలు అడగకుండానే వదిలేస్తున్నారు, మనకెవరిస్తార్లే అని. అది చూస్తే బాధేస్తుంది. వాళ్లలో నాకంటే ఎక్కువ సంపాదించేవాళ్లు ఉన్నారు. అందుకే నాకు తెలిసినంతా ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఒక భయం తీసేద్దాం. జీతం లేనివాళ్లకి లోను ఇవ్వకూడదనే నియమం ఎక్కడా లేదు. బ్యాంకు ఫారంలో మన కోసం ఒక గడి ఉంటుంది, సెల్ఫ్ ఎంప్లాయిడ్ అని. జీతగాడైతే మూడు నెలల పే స్లిప్పులు, ఏడాదికి ఎంత జీతమిచ్చి ఎంత పన్ను కోశారో కంపెనీ రాసిచ్చే ఫారం 16, ఆరు నెలల స్టేట్‌మెంటుతో అయిపోతుంది. మన దగ్గర రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు, వాటితోపాటు ఆదాయం లెక్క కట్టిన కంప్యుటేషన్ షీటు, లాభనష్టాల ఖాతా, బ్యాలెన్స్ షీటు, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతారు. ఇరవయ్యేళ్ల పాటు నెలనెలా కట్టాల్సిన అప్పు ఇచ్చేవాడు ఆదాయం నిలబడుతుందా అని చూడటంలో తప్పేమీ లేదు. చిక్కు ఎక్కడంటే, మన సంపాదన నిజంగా నిలకడగా ఉన్నా అది కాగితం మీద కనిపించదు.

అన్నిటికంటే ముఖ్యమైన కాగితం ఐటీ రిటర్ను. మన ఖాతాలోకి ఎంత వచ్చిందన్నది బ్యాంకు ముందు చూడదు. పన్ను శాఖకు మనం ఎంత ఆదాయం అని చెప్పామో అది చూస్తుంది. ఒక లెక్క వేసి చూడండి. ఏడాదికి 12 లక్షలు బ్యాంకు ద్వారా వచ్చాయి. చిన్న వ్యాపారులకిచ్చిన సులభ పద్ధతిలో, డిజిటల్‌గా వచ్చిన డబ్బు మీద కనీసం 6 శాతం లాభం చూపిస్తే చాలు కదా అని 72 వేలే చూపించారనుకుందాం. అంటే నెలకి 6 వేలు. అందులో సగం వాయిదాకి పోవచ్చని బ్యాంకు ఒప్పుకున్నా 3 వేలు. 9 శాతం వడ్డీకి, ఇరవయ్యేళ్లకి లక్షకి వాయిదా సుమారు 900 పడుతుంది. ఆ లెక్కన వచ్చే లోను మూడు లక్షల చిల్లర. ఖాతాలో 12 లక్షలు తిరిగిన మనిషికి! ఆ 6 శాతం చట్టం పెట్టిన కనీసం మాత్రమే. నిజంగా అంతకంటే ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపించాలి, చూపించవచ్చు.

వృత్తి నిపుణులకి 2016 బడ్జెట్‌లో ఇంకో పద్ధతి తెచ్చారు, 44ఎడిఎ సెక్షన్ అని సీఏలందరి నోటా వినిపించేది. అందులో వచ్చినదాంట్లో సగం ఆదాయంగా చూపిస్తారు, ఖాతా పుస్తకాలు అక్కర్లేదు. కానీ అది కొన్ని వృత్తులకే: న్యాయం, వైద్యం, ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, అకౌంటెన్సీ, టెక్నికల్ కన్సల్టెన్సీ, ఇంటీరియర్ డెకరేషన్, సినిమా కళాకారులు, ఇలా ఒక జాబితా ఉంది. మీ పని అందులోకి వస్తుందో రాదో మీ సీఏ తేల్చాలి. నేను మాత్రం పుస్తకాలు రాయించి, అసలు ఖర్చులు చూపించి, దానికి తగ్గ రిటర్ను ఫారం ఐటీఆర్ 3 వేస్తాను. సీఏ ఫీజు కాస్త ఎక్కువే అవుతుంది. కానీ లాభనష్టాల ఖాతా ఉంటే బ్యాంకుతో మాట్లాడటానికి ఒక ఆధారం దొరుకుతుంది. ఉదాహరణకు కంప్యూటర్లు పాతబడి విలువ తగ్గినందుకు ఏటా తరుగుదల అని 40 శాతం ఖర్చు రాస్తాం. అది జేబులోంచి ఆ ఏడాది పోయిన డబ్బు కాదు. అందుకని చాలా బ్యాంకులు అర్హత లెక్కేసేటప్పుడు ఆ తరుగుదలని మళ్లీ ఆదాయంలో కలుపుతాయి. ఖాతా పుస్తకాలే లేకపోతే కలపడానికి ఏమీ ఉండదు.

"ఎక్కువ చూపిస్తే పన్ను పడుతుంది కదా" అంటారు. లోను కోసం ఆదాయం చూపించిన ఏళ్లలో నేను కొంత పన్ను కట్టాను, అది నిజమే. ఇప్పుడు మీకు ఆ బాధ కూడా తగ్గింది. 2025 బడ్జెట్ తర్వాత కొత్త పన్ను విధానంలో మామూలు ఆదాయం 12 లక్షల దాకా ఉన్నా రిబేటు వల్ల పన్ను పడదు. 7, 8 లక్షలు నికరంగా మిగిలే మనిషి ఆదాయం దాచుకుని లోనుకి అర్హత పోగొట్టుకోవడంలో అర్థం లేదు. ఇంకో మాట. రిటర్నులు ఏ ఏడాదివి ఆ ఏడాది గడువులోపే వేయాలి. లోనుకి వెళ్లే ముందు రెండు మూడేళ్లవి ఒకేసారి వేస్తే తేదీలు పట్టిచ్చేస్తాయి. ఫైలు చూసేవాళ్లు మొదట చూసేది ఆ తేదీలే. కాబట్టి ఇల్లు కొనాలన్న ఆలోచన ఇప్పుడు లేకపోయినా ఈ ఏడాది రిటర్ను సరిగ్గా వేయండి.

తర్వాతది బ్యాంకు ఖాతా. పని డబ్బంతా ఒకే ఖాతాలోకి రావాలి. ఒకరు యూపీఐలో ఒక ఖాతాకి, ఇంకొకరు వేరే ఖాతాకి, మరొకరు చేతికి ఇస్తే స్టేట్‌మెంటు చూసేవాడికి మన ఆదాయం ముక్కలుగా కనబడుతుంది. చేతికొచ్చిన నగదుని అసలు లెక్కలోకే తీసుకోరు. మన దేశంలోని కంపెనీలు ఫీజులో 10 శాతం టీడీఎస్, అంటే మన పేరున ముందే కట్టే పన్ను, కోసుకుని ఇస్తే చాలామంది విసుక్కుంటారు. లోను దగ్గర అదే మనకి సాక్ష్యం. ఎవరు, ఎప్పుడు, ఎంత ఇచ్చారో ఫారం 26ఏఎస్‌లో పన్ను శాఖ వైపు నుంచే నమోదై ఉంటుంది. దాన్ని ఏ బ్యాంకూ కాదనలేదు. విదేశీ క్లయింట్లు టీడీఎస్ కోయరు కనుక వాళ్ల డబ్బు అందులో కనపడదు. వాళ్ల విషయంలో ఇన్వాయిసులు, బయటి నుంచి డబ్బు వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే రెమిటెన్స్ కాగితాలు దాచుకోవాలి. నేను ఏడాదికో ఫోల్డరు పెట్టి, ఇన్వాయిసు పక్కనే ఆ కాగితం పెట్టేదాన్ని.

మీ వ్యాపారం ఎప్పుడు మొదలైందో చూపించమంటారు. మనకి దుకాణం లైసెన్సు ఉండదు. సర్వీసుల్లో 20 లక్షలు దాటకపోతే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కనుక అదీ ఉండదు చాలామందికి. నేను ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు, చేయించుకున్నాను. ఆన్‌లైన్‌లో ఉచితం, ఆధార్, పాన్ ఉంటే చాలు. దానివల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఉద్యంలో నమోదైన చిన్న సంస్థలకి 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలని ఎంఎస్ఎంఈ చట్టం చెబుతుంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. గడువు దాటి, ఆ ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు కూడా ఇవ్వకపోతే ఆ ఖర్చుని ఆ ఏడాది లెక్కలో చూపించుకునే వీలు కంపెనీకి పోతుందని 2023 బడ్జెట్‌లో నిబంధన చేర్చారు. బిల్లు కింద ఉద్యం నంబరు వేయడం మొదలుపెట్టాక నా క్లయింట్లలో కొందరు తొందరగా ఇవ్వసాగారు. లోనుకి కావలసిన నిలకడ కూడా దాంతోనే పెరిగింది.

ఇక బ్యాంకులు. ఒకచోట ఫైలు తెరవకుండానే "మేడమ్, జీతం వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే తీసుకురండి" అన్నారు. మా తమ్ముడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. విషయం తెలియగానే "అక్కా, నా జీతం చూపిద్దాం, నేను సంతకం పెడతా, అయిపోతుంది కదా" అన్నాడు. వాడి మనసు నాకు తెలుసు. అయినా వద్దన్నాను. కో అప్లికెంట్‌గా సంతకం పెడితే అప్పు మొత్తం వాడి క్రెడిట్ రిపోర్టులో, అంటే అప్పుల చరిత్రలో, కూడా కూర్చుంటుంది. రేపు వాడు ఇల్లు కొనుక్కోవాలంటే నా వాయిదా వాడి అర్హతలోంచి పోతుంది. నేను ఒక నెల ఆలస్యం చేస్తే వాడి స్కోరు పడుతుంది. ఒకే ఇంట్లో ఉండే భార్యాభర్తల సంగతి వేరు, ఇద్దరూ కలిసి తీసుకుంటే మంచిదే. వేరే కాపురం ఉన్న తోబుట్టువుని ఇందులోకి లాగడం నాకు ఇష్టం లేకపోయింది. "నీకు పిల్లలున్నార్రా, నీ ఇల్లు నువ్వు కట్టుకోవాలి" అన్నాను. కొంచెం నొచ్చుకున్నాడు, తర్వాత అర్థం చేసుకున్నాడు.

ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ వాళ్లు రిటర్నుల ఊసెత్తకుండా ఇస్తామన్నారు. బ్యాంకు ఖాతాలో నెలలో కొన్ని తేదీల్లో ఎంత నిల్వ ఉందో సగటు కట్టి, దాని మీద ఆదాయం అంచనా వేస్తారు. రిటర్నులు సరిగా లేనివాళ్లకి ఇది నిజంగా ఒక దారి. కాకపోతే వడ్డీ ఎక్కువ. నాకు చెప్పింది 11 శాతం. 24 లక్షలకి ఇరవయ్యేళ్లకి 9 శాతమైతే వాయిదా 21,593. 11 శాతమైతే దాదాపు 24,770. నెలకి మూడు వేల పైన తేడా, మొత్తం కాలానికి ఏడున్నర లక్షలు దాటుతుంది. రిటర్నులు సరిగ్గా ఉన్నవాళ్లు ఆ తేడా ఎందుకు కట్టాలి? తప్పనిసరై అక్కడే తీసుకున్నా, రెండేళ్లు మంచి రిటర్నులు వేసి తక్కువ వడ్డీ బ్యాంకుకి లోను మార్చుకోవచ్చు. వ్యక్తుల పేరు మీదున్న ఫ్లోటింగ్ రేటు (మారుతూ ఉండే వడ్డీ) ఇంటి లోన్ల మీద ముందే తీర్చినందుకు జరిమానా వేయకూడదని బ్యాంకులకి రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. తర్వాత ఫైనాన్స్ కంపెనీలకీ వర్తింపజేసింది.

ఎక్కడపడితే అక్కడ దరఖాస్తు మాత్రం పెట్టకండి. ప్రతి దరఖాస్తూ క్రెడిట్ రిపోర్టులో ఎంక్వైరీగా నమోదవుతుంది. వరసగా నాలుగు కనిపిస్తే వీళ్లకి ఎవరూ ఇవ్వట్లేదేమో అనుకుంటారు. వెళ్లే ముందు మన రిపోర్టు మనమే చూసుకోవచ్చు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగూ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి.

నాకు లోనిచ్చిన బ్యాంకు నుంచి క్రెడిట్ మేనేజర్ ఇంటికొచ్చారు. దీన్ని వాళ్ల భాషలో పీడీ అంటారు, మనిషితో కూర్చుని మాట్లాడటం. జీతగాళ్లకి సాధారణంగా ఉండదు, మనకి ఉంటుంది. బోర్డు లేదు, ఆఫీసు లేదు, ముందుగదిలో టేబులు, కంప్యూటరు. ఇదే ఆఫీసా అని అడిగారు. అవునన్నాను. పని చేసి చూపించాను. ఒక వీడియో తెరిచి, మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూసి వాక్యం ఎలా పేరుస్తానో, నిమిషం వీడియోకి ఎంతసేపు పడుతుందో చెప్పాను. ఆయన ఆసక్తిగా చూశారు. ఆ తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. "మార్చిలో లక్షా నలభై వేలు పడ్డాయి, జూన్‌లో ఇరవై ఎనిమిది వేలే ఉన్నాయి. ఇలా ఐతే వాయిదా ఎలా కడతారండీ?"

దీనికి నేను ముందే ఒక కాగితం తయారుచేసి పెట్టుకున్నాను. ఈ వ్యాసంలో మీరు ఒక్కటే తీసుకుంటానంటే అది తీసుకోండి. రెండేళ్ల ఇన్వాయిసులన్నీ తీసి ప్రతిదానికీ రెండు తేదీలు రాశాను: పని పూర్తి చేసిన తేదీ, డబ్బు పడిన తేదీ. డబ్బు పడిన నెలల ప్రకారం చూస్తే అంకెలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. పని చేసిన నెలల ప్రకారం అవే డబ్బుల్ని సర్దితే ఆశ్చర్యంగా చాలావరకు సమంగా వచ్చాయి. ఇద్దరు పెద్ద క్లయింట్లు ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు బాకీలన్నీ తీర్చేస్తారు, అందుకే మార్చి అలా ఉంటుంది. ఏప్రిల్లో చేసిన పనికి జులైలో ఇస్తారు, అందుకే జూన్ ఇలా ఉంటుంది. నా పనిలో నిలకడ ఉంది, వాళ్ల చెల్లింపుల్లో లేదు. ఈ మాట నోటితో చెబితే నమ్మడం కష్టం, కాగితం మీద తేదీలతో సహా ఉంటే కాదనడం కష్టం. అదే కాగితంలో ఏ క్లయింటు ఎన్నేళ్లుగా ఉన్నారో కూడా రాశాను. ఆదాయంలో ఒక్కరి వాటా మరీ పెద్దదైతే వాళ్లు పోతే ఏంటన్న ప్రశ్న వస్తుంది, దానికీ జవాబు సిద్ధంగా ఉండాలి. ఆయన ఆ కాగితం ఫైల్లో పెట్టుకుని వెళ్లారు.

నా రెండేళ్ల నికరాదాయం సగటు 7 లక్షల 65 వేలు. కొన్ని బ్యాంకులు సగటు తీస్తాయి, కొన్ని రెండింటిలో తక్కువది తీసుకుంటాయి, ఒక్కసారిగా బాగా పెరిగితే ఆ పెరుగుదలని పూర్తిగా నమ్మవు. ఈ బ్యాంకు సగటు తీసింది. నెలకి 63,750. అందులో సగం వాయిదాకి పోవచ్చని లెక్క. వేరే అప్పులేమీ లేవు కనుక 35 లక్షల దాకా అర్హత ఉందన్నారు. తమ్ముడు కూడా "తీసుకో అక్కా, ఇంకో గది ఎక్కువ వస్తుంది" అన్నాడు.

నేను 24 లక్షలే తీసుకున్నాను. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. బ్యాంకు లెక్కేసేది సగటు మీద. వాయిదా కోత పడేది మాత్రం ప్రతి నెలా ఒకే తేదీన, ఆ నెలలో ఎంత వచ్చిందో చూడకుండా. జీతగాడికి సగటు నెలా, మామూలు నెలా ఒకటే కాబట్టి ఆ పద్ధతి సరిపోతుంది. మన విషయంలో సగటు నెల అనేది లెక్కల్లోనే ఉంటుంది, ఖాతాలోకి ఎప్పుడూ రాదు. అందుకని రెండేళ్ల స్టేట్‌మెంటు ముందు పెట్టుకుని, వరసగా వచ్చిన మూడు చెడ్డ నెలలు వెతికాను. వాటి సగటు 41 వేలు. సొంతింట్లోకి వెళ్లి అద్దె బెడద తప్పాక ఇంటిఖర్చు 18 వేలు. మిగిలేది 23 వేలు. నా వాయిదా అందులో ఇమడాలి. 21,593 ఇమిడింది. 35 లక్షలైతే వాయిదా 31,490 అయ్యేది, ఆ మూడు నెలల్లోనే నేను అప్పులు వెతుక్కోవాల్సి వచ్చేది. ఇంకో గది లేకపోయినా మాకు జరిగిపోతోంది.

లోను తగ్గించుకోవాలంటే చేతి డబ్బు ఎక్కువ పెట్టాలి. ఫ్లాటు 34 లక్షలు. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం 30 లక్షల లోపు లోనుకి ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల మధ్య 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకా ఇవ్వొచ్చు. అది గరిష్ఠ పరిమితి, అంత ఇచ్చితీరాలని కాదు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులు ఆ విలువలో కలపరు, మనమే చూసుకోవాలి. నేను 10 లక్షలు, ఆ ఖర్చులు ఏళ్ల తరబడి కూడబెట్టాను. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, మంచి నెల వచ్చినప్పుడు ఖర్చు పెంచకపోవడమే.

కూడబెట్టిందంతా డౌన్ పేమెంటుకి పెట్టేయకుండా ఆరు వాయిదాల డబ్బు పక్కన ఉంచాను. దీనికి ప్రత్యేకంగా ఒక ఖాతా ఉంది. వాయిదా అందులోంచే కోత పడుతుంది. క్లయింట్ల డబ్బు వచ్చే ఖాతా వేరు. పెద్ద బిల్లు ఏదైనా పడితే అందులోంచి రెండు మూడు వాయిదాలకి సరిపడా ఆ ఖాతాలోకి పంపేస్తాను. ఇప్పటిదాకా అది నాలుగు వాయిదాల కిందకి దిగలేదు. ఈ ఏర్పాటు లేకుండా లోను తీసుకోవద్దని అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను, ఎందుకంటే ఆలస్యమైతే గడియారం చాలా వేగంగా తిరుగుతుంది. గడువు దాటిన రోజు నుంచే ఖాతా ప్రత్యేక నిఘా జాబితాలోకి వెళుతుంది. 90 రోజులు దాటితే మొండి బాకీ. ఆపైన 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టుకి వెళ్లకుండానే ఇంటిని స్వాధీనం చేసుకునే ప్రక్రియ మొదలుపెట్టొచ్చు. మూడు నెలలంటే మనలో చాలామందికి ఒక పెద్ద బిల్లు రావడానికి పట్టే సమయం.

వడ్డీ పెరిగే సంగతి కూడా ముందే లెక్కేసుకోవాలి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య రెపో రేటు, అంటే బ్యాంకులకి రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ, 4 నుంచి 6.5 శాతానికి వెళ్లింది. నా లోను మీద అలా రెండున్నర శాతం పెరిగితే వాయిదా సుమారు 25,600 అవుతుంది. అది నా చెడ్డ నెలల్లో పట్టదు, ఆరు వాయిదాల నిల్వ అందుకు కూడా. అదృష్టం కొద్దీ నేను తీసుకున్నాక 2025లో రెపో ఒకటింబావు శాతం తగ్గింది. నా లోను రెపోకి ముడిపడినదే, నాకు 9 శాతం కాస్తా 7.75కి వచ్చింది. వాయిదా తగ్గించమంటారా, కాలం తగ్గించమంటారా అంటే కాలమే తగ్గించమన్నాను. అదే వాయిదా కడుతూ పోతే దాదాపు మూడేళ్లు ముందే తీరిపోతుంది. రేటు మారినప్పుడు ఈ మార్పుని మనకి తెలియజేయాలనీ, ఎంచుకునే అవకాశం ఇవ్వాలనీ 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశాలిచ్చింది.

డబ్బు పెద్ద పెద్ద ముక్కలుగా వచ్చేవాళ్లు ఓవర్‌డ్రాఫ్ట్ రకం ఇంటి లోను గురించి కూడా అడగండి. స్టేట్ బ్యాంకులో మ్యాక్స్‌గెయిన్ అని ఉంది, వేరే బ్యాంకుల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. చేతిలో ఉన్న డబ్బు ఆ ఖాతాలో పడేస్తే అన్నాళ్లూ అంతమేర వడ్డీ పడదు, అవసరమైతే వెనక్కి తీసుకోవచ్చు. వడ్డీ రేటు మామూలు లోను కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. నా మొత్తానికి ఆ తేడా గిట్టదనిపించి మామూలు లోనే తీసుకున్నాను. ఏడాదికి ఐదారు పెద్ద బిల్లులతో బతికే వాళ్లకి మాత్రం ఇదే బాగుంటుంది. ఏది తీసుకున్నా సంతకానికి ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ చదవండి. 2024 అక్టోబరు నుంచి కొత్త ఇంటి లోన్లన్నిటికీ అది ఇవ్వడం తప్పనిసరి. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఖర్చు, లోనుతోపాటు అంటగట్టే బీమా అన్నీ కలిపి ఏడాదికి అసలు ఎంత శాతం పడుతోందో అందులో ఒక్క అంకెలో ఉంటుంది. నాకు చెప్పిన బీమా నేను తీసుకోలేదు. విడిగా టర్మ్ పాలసీ తీసుకున్నాను.

చివరిగా ఒక విషయం నన్ను వదలట్లేదు. పంట రుణాలకి రిజర్వు బ్యాంకు వేరే లెక్క పెట్టింది. స్వల్పకాలిక పంటలైతే రెండు పంట కాలాలు దాటాకే మొండి బాకీగా లెక్కిస్తారు, ఎందుకంటే రైతు చేతికి డబ్బు పంటతోనే వస్తుందని ఒప్పుకున్నారు. అది న్యాయమైన నియమం. పనికింత అని బతికేవాళ్లు ఈ దేశంలో తక్కువేమీ లేరు. ఆన్‌లైన్ వేదికల ద్వారానో, తాత్కాలికంగానో పనిచేసే గిగ్ కార్మికులే 2020–21లో 77 లక్షల మంది ఉన్నారని, 2029–30కి 2 కోట్ల 35 లక్షలు అవుతారని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. వాళ్లకి కూడా 90 రోజుల గడియారమే. వాయిదాని నెలకి కాకుండా మూడు నెలలకొకసారి పెట్టుకునే వీలు ఇవ్వొచ్చు. మార్చిలో ఎక్కువ, జూన్‌లో తక్కువ కట్టేలా రెండేళ్ల స్టేట్‌మెంటు చూసి ఒప్పందం రాసుకోవచ్చు. ఆ స్టేట్‌మెంటుని మన అనుమతితో ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి నేరుగా పంపే అకౌంట్ అగ్రిగేటర్ ఏర్పాటు 2021 నుంచి నడుస్తోంది, కాబట్టి సమాచారం లేదనడానికి వీల్లేదు. పని ఇచ్చే వేదికలు కూడా ఏడాది చివర, ఈ మనిషి ఇంత పని చేశారు, ఇంత ఇచ్చాం అని ఫారం 16 లాంటి కాగితం ఒకటి అందరికీ ఇవ్వాలి. నా క్లయింట్లలో ఒకరు అడిగితే లెటర్‌హెడ్ మీద రాసి సంతకం చేసి ఇచ్చారు. నా ఫైల్లో అది కూడా పెట్టాను. మీరూ ఈ మార్చిలో మీ క్లయింట్లని అడగండి.